దీక్ష టెంటులో మూడేసి అక్షరాలు

మా సంఘానికి దీక్ష టెంటులో వంతు శుక్రవారం వచ్చింది.

తహసీల్దారు ఆఫీసు ఎదుట రోజుకో వృత్తివాళ్లు, రోజుకో కులంవాళ్లు పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా తెలంగాణ కోసం ఏమీ తినకుండా కూర్చుంటున్న రోజులవి. అంతకుముందు రోజు ఆటోవాళ్లు కూర్చున్నారు. దానికి ముందు టీచర్లు. చిట్యాల దగ్గరి మా ఊరి ప్రార్థన మందిరం వాళ్లకు ఏ రోజు కావాలని అడిగితే, సంఘ పెద్ద అయిన మా నాయిన ఆలోచించకుండా శుక్రవారం అన్నాడు. శుక్రవారం మాకు ఎలాగూ ఉపవాస ప్రార్థనే.

"మందిరంల ఉండే ఉపాసం రోడ్డు మీద ఉందాం. దేవునికి రోడ్డు కనవడదా?" అన్నాడు.

నేను ఆ శుక్రవారం కోసం ఇంకో కారణంతో ఎదురుచూశాను. నాకు మనుషులు కావాలి. ఇంగ్లిషు అక్షరాలు గుర్తుపట్టగలిగిన పదిమంది, గింజలు వేయడానికి ఇంకో పదిమంది. అంతమందిని ఒకచోట పొద్దంతా కూర్చోబెట్టడం మామూలు రోజుల్లో ఎవరి తరమూ కాదు.

నేనప్పుడు జనగామలో బయోటెక్నాలజీ ఎమ్మెస్సీ చివరికి వచ్చాను. ప్రాజెక్టు ఒక్కటే మిగిలింది. సమ్మె మొదలవగానే కాలేజీకి తాళం, హాస్టలుకు తాళం, బస్సులు బంద్. నా జన్యువుల కాగితాలు బ్యాగులో కుక్కుకుని ఎవరెవరి బండ్ల మీదో ఇంటికి చేరాను. వాటిని లెక్కగట్టే ప్రోగ్రాము మాత్రం జనగామలో తాళం వేసిన కంప్యూటర్‌లో ఉండిపోయింది. భూపాలపల్లి బొగ్గుబాయిలు కూడా సమ్మెలో దిగడంతో కరెంటు ఎప్పుడు వస్తుందో ఎప్పుడు పోతుందో తెలియదు. చిట్యాలలో ఉన్న ఒక్క నెట్ సెంటరూ మూతపడింది.

నా ప్రాజెక్టు చూసే సారుది మానుకోట. ఆయనకు ఫోన్ చేసి ఏడ్చినంత పని చేశాను.

"ఏడుస్తె లెక్క తేలుతదా?" అన్నాడు సారు. "అక్షరాల కాగితాలు నీ తాన ఉన్నయా లెవ్వా?"

"ఉన్నయి సార్."

"చేతులున్నయా?"

"ఉన్నయి సార్."

"ఇగ పరేషానెందుకు? మా కాలంల చేతుల్తోనే లెక్కవెట్టినం. సోమవారం పొద్దుగాల పదింటి వరకు పట్టిక పట్టుకొని మా ఇంటికి రా. నేను సంతకం వెట్టి ఆ పూటనే పంపియ్యాలె. రాకుంటె ఈ బ్యాచ్‌ల నీ పేరుండది. మళ్ల వచ్చే యేడాదే."

ఫోన్ పెట్టేశాక చాపమీద కాగితాలు పరిచి చూసుకున్నాను. ఒక్కదాన్నే కూర్చుంటే సోమవారానికి సగం కూడా కాదు. ఆ సాయంత్రం నాయినకు అంతా విడమరిచి చెప్పాను.

ప్రాణమున్న దేనిలోనైనా ప్రొటీన్లు ఉంటాయి. ఏ ప్రొటీన్ ఎలా కట్టాలో జన్యువులో రాసి ఉంటుంది. ఆ రాతకు ఉన్నవి నాలుగే అక్షరాలు: ఏ, టీ, జీ, సీ. మూడేసి అక్షరాలు కలిస్తే ఒక మాట. దాని పేరు కోడాన్. ఒక్కో కోడాన్ ఒక్కో అమైనో ఆమ్లాన్ని తెమ్మని చెబుతుంది, ఆ ఆమ్లాలు వరుసగా అతుక్కుంటే ప్రొటీన్. కోడాన్లు అరవై నాలుగు, ఆమ్లాలు ఇరవయ్యే. మూడు కోడాన్లకు 'ఇక్కడితో ఆగు' అని అర్థం. మిగిలిన అరవై ఒకటీ ఇరవై ఆమ్లాలకు పంచి ఉన్నాయి. ల్యూసిన్ అనే ఒక్క ఆమ్లానికే ఆరు కోడాన్లు. ఆరింటిలో ఏది రాసినా వచ్చేది ల్యూసినే. మరి ఆరింటినీ సమానంగా వాడాలి కదా? వాడవు. ఒక జీవికి ఒకటి ఇష్టం, ఇంకో జీవికి ఇంకోటి. నేను తేల్చాల్సింది అదే. మన పేగుల్లో ఉండే ఒక బ్యాక్టీరియా నుంచి పది జన్యువులు, రొట్టె పిండిని పులియబెట్టే ఈస్ట్ నుంచి పది జన్యువులు తీసుకుని, ఏ కోడాన్ ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టాలి.

నాయిన కాగితం మీద వేలు పెట్టి ఒక వరుస చివరిదాకా జరిపాడు. ఏడో తరగతి చదివిన మనిషి. బైబిలు వాక్యం మాత్రం పేజీలకు పేజీలు చూడకుండా చెబుతాడు.

"గిది ఎవరు రాసిండ్రు బిడ్డా?"

"మనుషులెవరూ రాయలే నాయినా. దేవుని రాతే. మనుషులు చూసి ఎక్కించిండ్రు, అంతే."

"అయితె ఉపాసం నాడు సదువుడు తప్పుగాదు" అన్నాడు.

శుక్రవారం తొమ్మిదింటికి టెంటులో పాట పాడి, ప్రార్థన చేసి, తెలంగాణ నినాదాలు మూడుసార్లు ఇచ్చాక, ఆదివారం బడి నల్లగుడ్డ బోర్డు విప్పి నేలమీద పరిచాం. దానిమీద నేను సుద్దతో అరవై నాలుగు గళ్లు గీశాను. ఒక్కో గడిలో ఒక్కో కోడాన్ పేరు. బోర్డు చుట్టూ సంఘం ఆడవాళ్లు మక్క గింజల పళ్లేలతో కూర్చున్నారు. ఎవరి ముందున్న గళ్లు వాళ్లవి. 'ఆగు' అనే మూడు గళ్లను మాత్రం ఒక మూలకు గీసి, అందరిలోకి పెద్దదైన అవ్వకు అప్పగించాను. ఆ అవ్వకు చూపు సరిగ్గా ఆనదు.

"నీకు పనే ఉండదవ్వా. జన్యువు అయిపోయినప్పుడల్లా ఒక్క గింజ. పూటకు పది గింజలు, అంతే."

"పని లేనోళ్లను ముసలోళ్లంటరు, నాకెరుకే" అని మూతి తిప్పింది అవ్వ.

చదవడానికి మా మందిరం పద్ధతే పెట్టాను. మా దగ్గర వాక్యం వంతులవారీగా చదువుతాం. చాపమీద వరుసగా కూర్చుని ఒక్కొక్కరు ఒక్క వచనం. ఎవరి వచనం వాళ్లది. ముందుకు పోయి పక్కవాళ్ల వచనంలో వేలు పెడితే నాయిన దగ్గుతాడు. ఆ దగ్గుకు భయపడని వాళ్లు మా సంఘంలో లేరు. ఆ అలవాటు ప్రకారమే కాగితాలను వరుస వరుసగా చీటీలు కత్తిరించి, కొత్త సంవత్సరం నాడు బైబిలు మాటలు రాసిన వాగ్దానం చీటీలు పంచినట్టు పంచాను. క్రమం తప్పకుండా ప్రతి చీటీకీ నంబరు వేశాను. వంతు వచ్చేలోపు తమ చీటీ మీద మూడేసి అక్షరాలకు ఒక పెన్సిల్ గీత పెట్టుకోవాలి, వంతు రాగానే గట్టిగా చదవాలి.

"ఏటీజీ! టీసీటీ! సీటీజీ!" అని మా బొగ్గుబాయి అన్న మొదలుపెట్టాడు. వరసకు నాకు అన్న అవుతాడు. భూపాలపల్లి గనిలో పని, సమ్మె వల్ల ఇంటిపట్టున ఉన్నాడు. గొంతు గని సైరన్ లాంటిది. ఒక్కో మాటకు ఒక్కో చేయి కదులుతోంది, గింజ పడుతోంది.

టెంటు చూసుకునే ఉద్యమం అన్న పదింటికి వచ్చి బిత్తరపోయాడు.

"ఏందక్కా గిది? దీక్షల కూసోమంటె ఏబీసీడీలు సదువుతాన్రు?"

"ఏబీసీడీలు గావన్నా. నాలుగే అక్షరాలు" అన్నాను.

"నాలుగుతోని ఏమైతది?"

"నువ్వైనవ్, నేనైన" అని నాయిన తలెత్తకుండానే అన్నాడు. ఉద్యమం అన్న ఒక మూల కూర్చున్నాడు. పావుగంటలో ఆయన చేతిలోనూ ఒక చీటీ ఉంది.

బ్యాక్టీరియా నాలుగో జన్యువుకు వచ్చేసరికి నేను బోర్డు మీదికి వంగాను. ల్యూసిన్ గళ్లు ఆరూ పక్కపక్కనే గీశాను. అయిదింటిలో గింజలు అక్కడొకటి ఇక్కడొకటి. సీటీజీ గడిలో మాత్రం కుప్ప! గడి దాటి పక్కకు జారిపోతోంది. ఆ గడి చూసే అక్క రెండుసార్లు పళ్లెం నింపుకుంది.

"నాకే ఎక్కువొస్తానయేందే?" అంది.

"అదే అక్కా! అదే!" అని నేను అరిచాను. పుస్తకంలో వందసార్లు చదివిన సంగతి అది. కాగితం మీద అంకెగా చూడటం వేరు, కళ్లముందు గుట్టగా లేవడం వేరు. ఎందుకు ఇట్లా అని అందరూ అడిగారు. నాటు వేసేటప్పుడు నారు కట్టలు అందించే వాళ్లు ఎటు ఎక్కువుంటే నాటు అటు జోరుగా సాగుతుంది కదా అన్నాను. ఆ బ్యాక్టీరియాలో సీటీజీ అనగానే ల్యూసిన్ తెచ్చి అందించే వాళ్లు ఎక్కువమంది. అందుకే ఎడతెగకుండా తయారు కావాల్సిన ప్రొటీన్లకు అది సీటీజీనే వాడుకుంటుంది. పన్నెండు దాటేసరికి పది జన్యువులూ అయిపోయాయి. అవ్వ మూలలో సరిగ్గా పది గింజలు. అంకెలు రాసుకుని బోర్డు తుడిచాం.

మధ్యాహ్నం ఈస్ట్ మొదలుపెట్టాం. దాని ఇష్టం టీటీజీ అని నాకు తెలుసు. ఈసారి కుప్ప ఆ గడిలో లేవాలి. మూడు జన్యువులు అయ్యాయి. టీటీజీ కొంచెం పైకి కనిపించింది కానీ మిగతా గళ్లూ నిండుతున్నాయి. అయిదయ్యాయి. బోర్డంతా గింజలు చల్లినట్టుంది. చదివే గొంతులు అలసిపోయాయి. ఉపవాసం కదా, పెదవులు ఎండుతున్నాయి. పిండి అంతా కలిసిపోయినట్టు ఇదేమిటి అనుకుంటూ, నేను తెలుసుకున్నదే తప్పేమో అని భయపడ్డాను.

ఏడో జన్యువు మధ్యలో అవ్వ గట్టిగా అంది: "ఓ బిడ్డా, పని లేదన్నవ్ గద. నాకు చెయ్యి గుంజుతాంది!"

నేను ఆమె మూలకు వంగి చూశాను. ఆరు గింజలు ఉండాల్సిన చోట గుప్పెడు ఉన్నాయి.

ఆగు అన్న మాట జన్యువు చివర ఒక్కసారే రావాలి. మధ్యలో వస్తే ప్రొటీన్ అక్కడికే తెగిపోతుంది, ఆ ఈస్ట్ బతకదు. బతికే ఉన్న ఈస్ట్‌లో ఇన్ని ఆగులు ఉండవు. తప్పు ఈస్ట్‌ది కాదు, మాది. పక్కన ఉన్న చీటీ లాక్కుని అక్షరాలు లెక్కపెట్టాను. డెబ్బై. ఇంకోటి. డెబ్బై. పొద్దటి బ్యాక్టీరియా చీటీ తీశాను. అరవై.

బ్యాక్టీరియా, ఈస్ట్ జన్యువులను నెట్‌లో రెండు వేర్వేరు చోట్ల నుంచి దింపుకున్నాను. ఒకరు వరుసకు అరవై అక్షరాలు అచ్చు వేస్తారు, ఇంకొకరు డెబ్బై. అరవైని మూడేసిగా కోస్తే ఏమీ మిగలదు. డెబ్బైని కోస్తే చివర ఒక అక్షరం మిగులుతుంది.

"అన్నా, చివర మిగిలిన అక్షరం ఏం చేసినవ్?"

"వదిలేసిన" అన్నాడు బొగ్గుబాయి అన్న. "నా వచనం అయిపోయింది గద."

అందరూ అదే చేశారు. వచనం ఎక్కడ మొదలైతే మాట అక్కడ మొదలవుతుందని మాకు చిన్నప్పటి నుంచి అలవాటు. జన్యువుకు వచనాలు లేవు. వరుస అచ్చువాడు విరిచింది, జన్యువు విరగలేదు. చివరి అక్షరం కింది వరుసలోని రెండు అక్షరాలతో కలిసి మాట అవుతుంది. మేం ప్రతి చీటీనీ మళ్లీ మొదటి నుంచి మూడేసిగా కోయడంతో మొదటి వరుస సరిగ్గా, రెండోది, మూడోది తప్పుగా, నాలుగోది మళ్లీ సరిగ్గా వచ్చింది. అందుకే టీటీజీ కొంచెం కనిపించి మునిగిపోయింది. ఆ చీటీలు కత్తిరించింది నేనే.

అప్పుడు నా మనసులోకి ఏం వచ్చిందో దాచను. టైం మూడు దాటింది. వీళ్లు పొద్దటి నుంచి మంచినీళ్లతో కూర్చున్నారు. టీటీజీ ఎంతో కొంత పైనే ఉంది. మిగిలినవీ ఇట్లాగే కానిచ్చి ఆగు గళ్లలో అంకె మార్చి పది అని రాస్తే సారుకు ఏం తెలుస్తుంది? ఏడాది మిగులుతుంది. ఆ ఆలోచన సైతాను చెవిలో ఊదేదేనని నాకు తెలుసు. మందిరంలో సాక్ష్యం చెప్పడానికి లేచినట్టు లేచి నిలబడ్డాను.

"మధ్యాహ్నం సంది చేసిందంత తప్పయింది. తప్పు నాది, మీది గాదు. మిగిలిన అక్షరం పక్క చీటీతోని కలుపుకొని మళ్ల మొదటి నుంచి చదవాలె. ఓపిక లేనోళ్లు లేచిపోయినా నేనేమనుకోను."

బొగ్గుబాయి అన్న పక్కున నవ్వాడు. "బొగ్గుబాయిల గిట్ల కొలత తప్పితె పైకప్పు మీద వడ్తది చెల్లె. ఈడ గింజలే గద చెదిరినయి. తియ్ తియ్, బోర్డు తుడువు!"

నాయినే వెంటనే ఒప్పుకోలేదు. "ఒకరి వచనంల ఇంకొకరు..." అని మొదలుపెట్టాడు. అవ్వ ఆయన మాట పూర్తి కానీయలేదు.

"ప్రభువు అయిదు రొట్టెలు పంచిన నాడు మిగిలిన ముక్కలు గంపలకెత్తిండ్రా, పారేసిండ్రా? నువ్వే గద ఎన్నిసార్లు జెప్పినవ్."

నాయిన దగ్గాడు. కానీ అది వేరే దగ్గు. "ఎత్తిండ్రు" అన్నాడు. "మిగిలింది పక్కోనికి అందియ్యండి."

రబ్బరుతో పెన్సిల్ గీతలన్నీ తుడిచి కొత్త పద్ధతి పెట్టాం. చదివేవాడు తన చీటీ చివర మిగిలిన అక్షరాలను పక్కవాడి భుజం తట్టి చెప్పాలి. పక్కవాడు వాటిని కలుపుకుని మొదలుపెట్టాలి. మొదట్లో తడబడ్డారు. రెండో జన్యువుకు చేతులూ నోళ్లూ ఒక్కటయ్యాయి. భుజం, అక్షరం, గింజ. భుజం, అక్షరం, గింజ. పాటకు తాళం పడ్డట్టు పడింది. అప్పుడు చూశాను టీటీజీ గడి! నింపుతున్నారు, జారుతోంది, నింపుతున్నారు! పొద్దున కుప్పగా లేచిన సీటీజీ ఇప్పుడు దాదాపు ఖాళీ. అదే ల్యూసిన్. చేసేదీ అలాంటి ప్రొటీన్లే. ఆ జీవి ఒకటి కోరుకుంది, ఈ జీవి ఇంకోటి. సృష్టించినవాడు ఒక్కొక్కదానికి దాని చేతివాటం దానికిచ్చి, రెండింటినీ బతకనిచ్చాడు. నాకు నవ్వు, ఏడుపు కలిసి వచ్చాయి.

రోడ్డుమీద పోయేవాళ్లు గుంపుగా చేరారు. ముందురోజు దీక్ష చేసిన ఆటోవాళ్లు వెనక నిలబడి ఓట్ల లెక్కింపు చూసినట్టు చూస్తున్నారు.

"ఎవలు గెలుస్తాన్రు?"

"టీటీజీ!"

"డిపాజిట్ ఎవలిది పోయింది?"

"సీటీజీది!"

"జై తెలంగాణ!"

ఆరింటికి ఉద్యమం అన్న నిమ్మరసం గ్లాసులు తెప్పించి దీక్ష విరమింపజేయడానికి అవ్వ దగ్గరికి వచ్చాడు. అవ్వ గ్లాసును చేత్తో పక్కకు నెట్టింది.

"జర ఆగు బిడ్డా. ఇంకొక్కటున్నది. నా గింజ వడలె."

"అవ్వా, టైమయింది. ఫోటో దీసేటోళ్లు వోతరు."

"పోతె పోనీ."

ఆయన గ్లాసు పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. వెలుతురు సన్నబడుతుంటే పదో జన్యువు చివరి చీటీ నాయిన చేతికి వచ్చింది. ఆయన నిదానంగా, ఒక్కో అక్షరం నమిలినట్టు చదివాడు. చివరి మూడు: "టీ, ఏ, ఏ." అవ్వ తడుముకుని గింజ వేసింది. నేను వంగి లెక్కపెట్టాను. పది. టెంటంతా చప్పట్లు. అప్పుడు తాగింది అవ్వ.

శనివారం పట్టిక నీటుగా రాశాను. సోమవారం తెల్లవారగానే నాయిన బండి తీశాడు. రేగొండ దాటాక ఒకచోట ఉద్యమంవాళ్లు రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి వంట చేస్తున్నారు. "బిడ్డ పరీక్ష తమ్మీ" అంటే నినాదం ఇప్పించుకుని వదిలారు. మానుకోటలో సారు ఇంటికి చేరేసరికి పదికి ఇంకా పావుగంట ఉంది.

సారు పట్టిక చేతిలోకి తీసుకుని అన్నిటికంటే ముందు ఆగు గళ్లే చూశాడు. పది, పది. తల ఆడించాడు. పెన్ను తీశాడు.

"సార్, సంతకం ముంగట ఒకటి జెప్పాలె" అన్నాను. చీటీలు, డెబ్బై అక్షరాలు, అవ్వ చెయ్యి గుంజడం, అన్నీ చెప్పాను. సారు పెన్ను పక్కన పెట్టేశాడు. అయిపోయింది అనుకున్నాను. నాయిన నా వైపు చూడలేదు.

"తప్పుగ చదివితె టీటీజీ మునిగిపోయిందా?" అన్నాడు సారు.

"మునిగింది సార్."

"అక్షరాలు అవే గదా?"

"అవే సార్."

సారు కుర్చీలోంచి లేచాడు. "ఓ పిచ్చిదానా! ఇంత పెద్ద సంగతి పట్టుకొని దొంగోలె ఏడుస్తవేంది? అక్షరాలు అవే ఉన్నయి, ఒక్క అక్షరం జరిపితె ఇష్టం మాయమైంది. అంటె ఆ ఇష్టం అక్షరాలల్ల లేదు, చదివే తీరుల ఉన్నది. నీ పట్టిక నిజమని చెప్పే సాక్షి గదే. గది లేకుండ ప్రాజెక్టేంది?"

ముందు సంతకం పెట్టాడు. తేదీ వేశాడు. తర్వాత ఆయనే అన్నాడు: మీరు చేసింది సగం సగం తప్పు, కొన్ని వరుసలు సరిగ్గానే పడ్డాయి, సాక్ష్యానికి అది చాలదు. మొత్తం జన్యువును ఒక అక్షరం వదిలేసి రెండో అక్షరం నుంచి చివరిదాకా చదవాలి, దాన్ని రెండో పట్టికగా పెట్టాలి. పంపేది పన్నెండింటికి కాబట్టి ఇంకా సమయం ఉంది.

"చీటీలు తెచ్చినవా?"

బ్యాగు తెరిచాను. సారు వరండాలో నేలమీద కూర్చుని సుద్దతో ల్యూసిన్ గళ్లు ఆరు, ఆగు గళ్లు మూడు గీశాడు. గింజలకు బదులు వాకిట్లోంచి గులకరాళ్లు ఏరుకొచ్చాను. సారు ఒక చీటీ, నేనొకటి, నాయిన ఒకటి. మొదటి అక్షరాన్ని నాయినే వేలితో మూసి పట్టుకుని చదవడం మొదలుపెట్టాడు. ఇంట్లోంచి సారు భార్య చాయకు పిలిచింది. మళ్లీ పిలిచింది. మూడోసారి వచ్చి గడపలో నిలబడి, ఏ గడీ గెలవని ఆ గీతల వైపు చూస్తూ, "ఎవరి వంతు?" అని అడిగింది.